పన్నెండు దాటిన సభ

1857, మూడో నెల 15, మొదటి దినం

సభ ఎప్పటిలాగే సరిగ్గా పన్నెండింటికి ముగిసింది. జేబులోంచి గడియారం తీసి చూసుకుని, పక్కనున్న జెస్సీ వైపు కుడిచెయ్యి చాచాను. అతను పట్టుకున్నాడు. అందరూ లేచారు. ఎనోస్ చెయ్యి కదిలిందంటే పొయ్యి మీద కుండ దింపే వేళయిందని ఈ ఊరి ఆడవాళ్లకు లెక్క అని మహలా నన్ను ఏడిపిస్తుంది. ముప్పై ఏళ్లు కాపురం చేసినా ఆవిడకు ఆ నవ్వు తగ్గలేదు. పాటలూ గంటలూ పూజారీ లేని మౌన ప్రార్థన సభ మాది, మిత్రులమని చెప్పుకునే క్రైస్తవులది. చెయ్యి కలిపి ముగింపు ఎవరో ఒకరు చెయ్యాలి. పెద్దల బల్ల మీద కూర్చున్నందుకు నేను చేస్తున్నాను, ఒక్క నిమిషం తేడా రాకుండా.

జెస్సీ చెయ్యి చల్లగా ఉంది. అతను మహలా తమ్ముడు, నాకు బావమరిది. పధ్నాలుగేళ్లుగా మా మధ్య మాటల్లేవు. బానిసత్వం మీద ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లను తెచ్చి సభా మందిరంలో మాట్లాడిస్తానన్నాడు అప్పట్లో. నేను తలుపుకు తాళం వేశాను. వర్షంలో, పెరట్లో నిలబడి మాట్లాడించాడు. మందిరం మౌనానికి, గొంతు చించుకోవడానికి కాదు. నేను చేసింది మంచి పనే. బయటివాళ్లు ఆదివారం, గురువారం అనే మొదటి, ఐదో దినాల్లో, వారానికి రెండుసార్లు చెయ్యి మాత్రం ఇస్తాను, సభ ముగియాలి కదా.

మధ్యాహ్నం భోజనం దగ్గర మహలా పత్రిక పైకి చదివింది. వాషింగ్టన్‌లో పెద్ద కోర్టు తీర్పు చెప్పిందట. నల్లవాడు ఈ దేశపు పౌరుడు కాడట, తెల్లవాడు మన్నించవలసిన హక్కు అతనికి ఒక్కటీ లేదట.

"మళ్లీ చదవనా?" అంది.

"అక్కర్లేదు."

మళ్లీ చదివింది.

బానిసత్వం తప్పని మా మిత్రులు ఎన్నో ఏళ్ల కిందటే తేల్చుకున్నారు. మా ఇంట్లో బానిసలు పండించిన పంచదార లేదు, బానిసలు ఏరిన పత్తితో నేసిన బట్ట లేదు. మేపుల్ చెట్టు బెల్లంతో కాఫీ తాగి తాగి నా నాలుక మొద్దుబారిపోయింది. ఇంతకంటే ఏం చెయ్యమంటారు నన్ను?

మూడో నెల 26

కుడిచెయ్యి నొప్పి. అయినా పన్నెండింటికే ముగించాను.

నాలుగో నెల 23, ఐదో దినం

జెస్సీ పెద్దకొడుకు కాన్సాస్ వెళ్లి రెండేళ్లయింది. అక్కడినుంచి ఉత్తరం వచ్చింది. సభ అయ్యాక జెస్సీ దాన్ని చెట్టు కింద నలుగురికీ చదివి వినిపించాడు. ఆ నేలలో బానిసత్వం ఉండాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ ఒకరి ఇళ్లు ఒకరు తగలబెట్టుకుంటున్నారట, తుపాకులు పక్కలో పెట్టుకుని పడుకుంటున్నారట. నేను వినలేదు. కాస్త దూరంలో నా గుర్రం జీను సరిచేసుకుంటూ అరగంట నిలబడ్డాను. జీను బాగానే ఉంది.

కెజియా ఇంటికి వచ్చి మహలాకు కొత్త టోపీ ఇచ్చి వెళ్లింది. ఊళ్లో మా ఆడవాళ్లందరి బూడిదరంగు టోపీలూ, వేసవిలో మగవాళ్ల గడ్డి టోపీలూ ఆమె చేతివే. కొలత ఒకసారి తీసుకుంటే మళ్లీ టేపు పట్టదు. నా తల ఎంతో నాకు తెలియదు, ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్లుగా సభకు వస్తోంది. తలుపు పక్క వెనక బల్ల నల్లవాళ్లది, ఆమె అక్కడ కూర్చుంటుంది. ఆ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు, నేను పెద్దల బల్ల ఎక్కేనాటికే ఉంది.

ఐదో నెల 20

నా పిండి మిల్లు దగ్గర ఒక కొత్తాయన ఆగాడు. మంచి గుర్రం, మర్యాద తెలిసిన మనిషి. రెండు గోతాల మొక్కజొన్న పిండి కొన్నాడు. మహలా నాకు భోజనం ఇచ్చి వెళ్తుంటే ఆమె టోపీ చూశాడు.

"కుట్టు భలే ఉందండీ. మా ఆవిడకు ఒకటి చేయిద్దామని. ఎవరు కుట్టారు?"

"కెజియా."

"ఈ ఊరేనా?"

"ఇప్పుడు ఈ ఊరే. బండ్లు చేసే షెడ్డు వెనక సందులో ఉంటుంది."

"మొదట్నుంచీ ఇక్కడేనా?"

"కాదు. తొమ్మిదేళ్ల కిందట నది దాటి వచ్చింది, కెంటకీ నుంచి."

"పాపం, ఒక్కతే ఉంటుందా?"

"ఒక్కతే."

అతను టోపీ ఎత్తి నమస్కారం పెట్టాడు. "మీ మిత్రులు అబద్ధం ఆడరని విన్నాను. ఇవాళ కళ్లారా చూశాను" అన్నాడు. నాకు సంతోషం వేసింది.

ఐదో నెల 21, ఐదో దినం

పన్నెండింటికి ముగించాను. వెనక బల్ల వైపు చూడలేదు. ఎప్పుడూ చూడను కూడా.

నిన్న వచ్చిందెవరని మహలా అడిగింది. పిండి కొన్నవాడని చెప్పాను. అది నిజమే.

ఐదో నెల 26

కెజియా మహలా దగ్గరికి వచ్చింది. నేను పక్క గదిలో ఉన్నాను. ఎవడో ఒకడు తన సందుకు ఎదురుగా రెండు సాయంత్రాలు నిలబడ్డాడని చెప్పింది. టోపీ కోసం మాత్రం రాలేదట.

"కొన్నాళ్లు ఉత్తరానికి వెళ్లిరావే" అంది మహలా.

"ఎవడో నిలబడ్డాడని ఊరు వదిలేస్తే ఈ తొమ్మిదేళ్లలో పదిసార్లు వదలాలమ్మా. వాడు బండ్లు చూడ్డానికి వచ్చాడేమో. నేను ఏ ఊరినుంచి వచ్చానో వాడికెవరు చెబుతారు?"

నేను గదిలోంచి బయటికి రాలేదు. వాడికి ఊరు తెలుసనీ, సందు తెలుసనీ, వచ్చిన ఏడాది కూడా తెలుసనీ చెబితే ఆమె ఆ గంటలోనే వెళ్లిపోయేది. పారిపోయిన బానిసను పట్టి యజమానికి అప్పగించాలనే ఈ చట్టం కింద ఆమెను పట్టుకుంటే జడ్జి ముందు నోరు విప్పే హక్కు కూడా ఆమెకు లేదు. మా ఒహాయో నుంచి నేరుగా నది దాటించి, మళ్లీ కెంటకీలో బానిసను చేస్తారు.

రేపు చెబుతాను.

ఐదో నెల 28, ఐదో దినం

చెప్పలేదు. సభ అయ్యాక ఆమె తొందరగా వెళ్లిపోయింది. కాదు, తొందరగా వెళ్లింది నేను.

ఆరో నెల 2

చెప్పలేదు. చెయ్యి నొప్పి.

ఆరో నెల 7

నేను అబద్ధం ఆడలేదు.

ఆరో నెల 10

అబద్ధం ఆడలేదు.

ఆరో నెల 12, ఆరో దినం, పొద్దున్న

నిన్నటి సంగతి వరసగా రాయాలి. లేకపోతే రేపు నేనే నమ్మను.

పదింటికి కూర్చున్నాం. నూటనలభై మంది దాకా ఉన్నారు, చేలో కోత ఆలస్యమైనా మావాళ్లు ఐదో దినం సభ మానరు. పదిన్నరకు ఆడవాళ్ల వైపు తలుపు తెరుచుకుంది. కెజియా వచ్చింది. ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలు బురద. తలకు టోపీ లేదు, అందరికీ టోపీలు కుట్టే మనిషికి. వెనక బల్ల పక్కనుంచే నడిచింది కానీ దాని మీద కూర్చోలేదు. బల్లల మధ్యగా నేరుగా మూడో వరస దాకా వచ్చి మహలా పక్కన నిలబడింది. మహలా తల తిప్పకుండానే జరిగి చోటు ఇచ్చింది. కెజియా కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు గుర్రాల చప్పుడు వినపడింది.

మా కానిస్టేబుల్ ఓబెడ్ తర్వాత చెప్పినదాన్ని బట్టి, పదింటికి వాషింగ్టన్ ప్రభుత్వపు అధికారి, మార్షల్ అంటారు, మరో ఇద్దరితో వచ్చి ఆమె తలుపు బద్దలు కొట్టాడు. ఆమె వెనక కిటికీలోంచి దూకింది. కాగితం చూపించమని ఓబెడ్ అడిగితే మార్షల్ మనిషి దవడ మీద కొట్టాడు. ఓబెడ్ ఆ దవడ పట్టుకునే గుర్రమెక్కి, పద్దెనిమిది మైళ్ల అవతలున్న జిల్లా కోర్టుకు పరుగెత్తించాడు. ఇదేదీ మాకు అప్పుడు తెలియదు. మా కోసం ఎవరో వస్తున్నారని తెలియకుండానే కూర్చున్నాం.

ముగ్గురు లోపలికి వచ్చారు. మార్షల్, అతని మనిషి, మూడోవాడు నా దగ్గర పిండి కొన్న మర్యాదస్తుడు. అతను నన్ను గుర్తుపట్టి టోపీ ఎత్తాడు.

"నా దగ్గర వారెంటు ఉంది. ప్రెసిడెంటుగారు సంతకం చేసిన చట్టం ఇది" అన్నాడు మార్షల్. ఎవరూ తల తిప్పలేదు.

"అదిగో, మూడో వరసలో. లాక్కొద్దాం పదండి" అన్నాడు ఆ పిండి కొన్న కెంటకీవాడు.

"ఆగవయ్యా. ప్రార్థనలో ఉన్న ఆడదాన్ని ఈడ్చుకొచ్చామని రేపు పత్రికలో పడితే నా ఉద్యోగం నువ్విస్తావా? మా అమ్మ వీళ్లలోదే. పన్నెండు కొట్టగానే అదిగో ఆ ముసలాయన పక్కాయనకు చెయ్యి ఇస్తాడు, అంతటితో సరి. గంటన్నరలో కొంపేం మునగదు."

మార్షల్ మనిషి ఆడవాళ్ల తలుపు దగ్గర నిలబడ్డాడు. మిగతా ఇద్దరూ చోటు కోసం చూశారు. ఖాళీగా ఉన్నది వెనక బల్ల ఒక్కటే. దాని మీద కూర్చున్నారు. తొమ్మిదేళ్లుగా నేను చూడని బల్లను నిన్న చూశాను. దానికి ఆనుకోవడానికి వీపు చెక్క లేదు. కెంటకీవాడు అటూ ఇటూ కదులుతూనే ఉన్నాడు.

పదకొండున్నర. గడియారం జేబులో సుత్తిలా కొట్టుకుంటోంది. ఇంతకాలం నేను గొప్పగా చెప్పుకున్న ఆ పన్నెండు ఇప్పుడు మార్షల్ లెక్కలో కూడా ఉంది. నా చెయ్యి కదిలితే ఆమె పని అయిపోతుంది. ఆమె ఊరు నా నోటి నుంచి పోయింది, ఇప్పుడు మనిషి నా చేతి నుంచి పోవాలి.

పన్నెండయింది. జెస్సీ చెయ్యి లేవడం మొదలైంది. ఎన్నేళ్ల అలవాటో, అతను అనుకుని ఎత్తినది కాదు, దానంతట అదే లేస్తోంది. నా చెయ్యి కూడా ఒడిలోంచి లేవబోయింది. గభాలున దాన్ని తొడ కింద దోపి, దాని మీద కూర్చున్నాను.

జెస్సీ నా వైపు తిరిగాడు. పధ్నాలుగేళ్ల తర్వాత అతని కళ్లు దగ్గరగా చూశాను, అవి మా మహలా కళ్లే. అతను నా తొడ వైపు చూశాడు. తర్వాత మెల్లగా తన చెయ్యి కూడా తొడ కింద పెట్టుకున్నాడు. ఊరి పెద్దలిద్దరం చేతుల మీద కూర్చున్నాం, బడిలో తప్పు చేసిన పిల్లల్లాగ.

నొప్పి వల్ల చెయ్యి ఇవ్వలేదని రాద్దామనుకున్నాను. రాయను. చెయ్యి నొప్పెట్టలేదు.

ఒంటిగంట. ఎవరూ లేవలేదు. నన్ను చూసి లేచే జనం, నన్ను చూసే కూర్చున్నారు. తల్లులు పసివాళ్లను ఒక్కొక్కరినీ బయటికి తీసుకెళ్లి తెచ్చుకుంటున్నారు, వెళ్లినవాళ్లనీ వచ్చినవాళ్లనీ మార్షల్ వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. జెస్సీ కడుపు నాకు వినపడేలా అరిచింది. నాది జవాబిచ్చింది. సంగతి చుట్టుపక్కలకు పాకినట్టుంది, బయట బండ్లు ఆగుతున్న చప్పుడు మొదలైంది. మెథడిస్టు చర్చివాళ్లు, జర్మన్లు, మా సభ గుమ్మం ఎప్పుడూ తొక్కని రైతులు వస్తున్నారు. లోపలికి ఎవరూ రాలేదు. పెరడంతా నిలబడ్డారు. కిటికీలోంచి వాళ్ల టోపీలు కనపడుతూ పోయాయి, చివరికి అవతల రోడ్డు కనపడటం మానేసింది.

రెండింటికి మార్షల్ మునివేళ్ల మీద నా దగ్గరికి వచ్చాడు.

"ఏమండీ, ఇది ఎప్పుడు అవుతుంది?"

"నేను చెయ్యి ఇచ్చినప్పుడు."

"ఎప్పుడు ఇస్తారు?"

"ఇవ్వాలని అనిపించినప్పుడు."

"ఇప్పుడు అనిపించడం లేదా?"

"లేదు."

అతను నా మొహంలోకి చూశాడు. "మీరు అబద్ధం ఆడరు కదా?"

"ఆడను. నువ్వు వెళ్లి కూర్చో."

మేం ఎవరినైనా నువ్వనే అంటామని వాళ్లమ్మ వల్ల తెలిసే ఉంటుంది, అయినా అతని చెవులు ఎర్రబడ్డాయి. జెస్సీ భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను, నవ్వుతున్నాడు.

మహలా సంచిలోంచి మేపుల్ బెల్లం ముక్కలు తీసి పక్కవాళ్లకు ఇచ్చింది. అవి చేయి చేయి మారి అన్ని వరసలూ దాటి వెనక బల్ల దాకా వెళ్లాయి. మార్షల్ ఒకటి తీసుకుని నోట్లో వేసుకున్నాడు. కెంటకీవాడు తీసుకోలేదు. నా వంతు ముక్క చప్పరించాను. ఇన్నేళ్లలో మొదటిసారి తియ్యగా అనిపించింది.

మూడింటికి కెజియా లేచి నిలబడింది. మా సభలో లోపలినుంచి మాట వచ్చినవాళ్లు ఎవరైనా లేచి మాట్లాడవచ్చు. ఆమె తొమ్మిదేళ్లలో ఒక్కసారీ లేవలేదు.

"మీ అందరి తలల కొలతలూ నాకు తెలుసు" అంది. "ఎవరిది ఎంతో, ఎవరిది ఏ వైపు సొట్టో చీకట్లో అడిగినా చెబుతాను. లోపల ఏముందో మాత్రం ఇన్నాళ్లూ తెలియలేదు. ఇవాళ కొంచెం తెలుస్తోంది. నన్ను వెతుక్కుంటూ వచ్చినాయన, ఆయనగారి పుస్తకంలో నా పేరు లిజ్ అని రాసి ఉంటుంది. అది వాళ్లు పెట్టిన పేరు. మా అమ్మ పెట్టింది కెజియా. ఆ పేరుతో పిలిస్తే ఎక్కడికైనా వస్తాను. ఆ రెండో పేరుతో ఒక్క అడుగు కూడా కదలను. అంతే."

కూర్చుంది. ఒక్క పసివాడు కూడా ఏడవలేదు.

నాలుగు దాటాక మార్షల్ లేచి కిటికీలోంచి చూశాడు, మళ్లీ చూశాడు. ముగ్గురు మనుషులు ఆ జనంలోంచి ఒక స్త్రీని ఎత్తుకెళ్లడం కుదరదని అప్పుడు అర్థమైనట్టుంది. సాయానికి రమ్మని ఊళ్లోకి పంపిన తన మనిషి కూడా ఒంటరిగానే తిరిగొచ్చాడు. నాలుగున్నరకు బయట పెద్దగా కేకలు లేచాయి. మెట్ల మీద జిల్లా షెరీఫ్, వెనక పన్నెండు మంది, వాళ్ల ముందు వాచిపోయిన దవడతో ఓబెడ్.

తలుపులు తెరిచే ఉన్నాయి, మాకు అన్నీ వినపడ్డాయి.

"తలుపు బద్దలు కొట్టినందుకు, కానిస్టేబుల్‌ను కొట్టినందుకు మీ ముగ్గురినీ అరెస్టు చేస్తున్నాను" అన్నాడు షెరీఫ్.

"నన్నా? నాది అమెరికా ప్రెసిడెంటు కాగితమయ్యా!"

"నాది ఒహాయో జడ్జి కాగితం."

"నాది పైది!"

"మీరు నిలబడింది ఒహాయో మెట్టు మీద. నడవండి."

చట్టానికి లోబడాలని ఏభై ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి నేను. ఒకే మెట్టు మీద రెండు చట్టాలు కాలర్లు పట్టుకుంటే దేనికి లోబడాలో ఏ పెద్దా నాకు చెప్పలేదు. దేశం ఎలా విడిపోతుందో పత్రికలో చదివితే అర్థం కాలేదు కానీ, ఆ మెట్టు మీద అర్థమైంది.

కెంటకీవాడు వెళ్తూ తలుపు దగ్గర ఆగి అరిచాడు. "మీలాంటి వాళ్ల వల్లే దేశం రెండు ముక్కలవుతుంది! యుద్ధం వస్తుంది, చూస్తుండండి!"

"వస్తే వస్తుంది గానీ, ముందు ఆ బల్ల మీద నీ చేతిరుమాలు తీసుకెళ్లు నాయనా" అంది మహలా. బయటి జనం నవ్విన నవ్వుకు కిటికీ అద్దాలు అదిరాయి.

వాళ్లు జిల్లా రోడ్డు పట్టాక అందరూ నా వైపు చూశారు, చెయ్యి ఇస్తానని. నేను ఇవ్వలేదు. లేచి మూడో వరస దగ్గరికి వెళ్లి కెజియాను బయటికి రమ్మన్నాను. జెస్సీ బండి సిద్ధం చేస్తున్నాడు, సరస్సు దాకా తనే తోలుకెళ్లి, బానిసత్వం లేని కెనడాకు పడవ ఎక్కిస్తానని. బండి చక్రం పక్కన నిలబడి చెప్పేశాను. పిండి, టోపీ, సందు, నది, తొమ్మిదేళ్లు, ఒక్కతే అన్న మాట, మూడు వారాలు దాచిన సంగతి, అన్నీ.

ఆమె వంగింది. ఎవరో ఇచ్చిన చెప్పు రెండో కాలికి తొడుక్కుంది. చెప్పులు రెండూ వేరువేరు కొలతలు.

"సగం ఊహించాను" అంది. "ఈ ఊళ్లో అడిగిందానికల్లా జవాబు చెప్పేవాడు ఎవడా అని చూస్తే ఎక్కువ పేర్లు లేవు. కానీ మూడు వారాలు దాచావని ఊహించలేదు, ఎనోస్. అది నీ నోటి తప్పు కాదు."

"అబద్ధం ఆడకూడదని..."

"అబద్ధం ఎవరు ఆడమన్నారు? 'నీకెందుకు' అని అడిగితే సరిపోయేది. అది అబద్ధం కాదుగా! ఒక్క మాటకు బద్ధకించి ఆరున్నర గంటలు కూర్చున్నావు, పెద్దాయనా."

నాకు ఏడుపు వచ్చింది. ఆమె బండెక్కింది. మహలా తన తల మీది టోపీ తీసి ఆమెకు ఇచ్చింది.

"ఇది నీ కొలత, నాకు వదులవుతుంది" అంది కెజియా. అయినా కట్టుకుంది.

బండి కదిలింది. రెండు వందల మంది దారి ఇచ్చి, వెనకే మూసుకున్నారు. ఒక జర్మను రైతు బాజా తెచ్చి ఊదాడు. మేం బాజాలు వినం. నిన్న విన్నాం. ఊరి చివరి వంతెన దాకా ఆమె బండిలో నిలబడే వెళ్లింది, కూర్చోలేదు. దొంగచాటుగా వచ్చిన ఊరినుంచి పట్టపగలు అందరూ చూస్తుండగా వెళ్లింది.

ఆరో నెల 13

సభ ఇంకా ముగియలేదు. నేను చెయ్యి ఇవ్వలేదు కాబట్టి, మా పద్ధతి ప్రకారం ఐదో దినం పదింటికి మొదలైన సభే ఇంకా నడుస్తోంది. మహలా పొద్దున్నుంచీ నవ్వుతోంది.

మధ్యాహ్నం మందిరానికి వెళ్లి వెనక బల్లను ఒక్కణ్ణే బయటికి ఈడ్చాను. బరువుగా ఉంది. బండి మీద వేసుకుని మిల్లుకు తెచ్చాను, గోతాలు పెట్టుకోవడానికి పనికొస్తుంది. చెయ్యి ఏమీ నొప్పెట్టలేదు.

ఆరో నెల 14, మొదటి దినం

జెస్సీ తెల్లవారుతుండగా తిరిగొచ్చాడు. ఆమె పడవ ఎక్కడం కళ్లతో చూశాడట.

సభలో లేచి నిలబడి నేను చేసిందంతా చెప్పాను. పిండి కొన్నవాడి దగ్గరినుంచి మూడు వారాల మౌనం దాకా. తర్వాత పధ్నాలుగేళ్ల కిందటి తాళం సంగతి కూడా చెప్పాను. అది మంచి పని కాదని చెప్పాను. తాళంచెవి జేబులోంచి తీసి జెస్సీ ఒళ్లో పెట్టి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం మా పద్ధతే అయినా ఈసారి భయమేసింది.

గడియారం చూడలేదు. చెయ్యి చాచాను.

జెస్సీ తన గడియారం తీసి చూశాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, పధ్నాలుగేళ్లలో మొదటి మాట అన్నాడు.

"బావా, ఇంకా పావుగంట ఉంది."

"ఉండనీ" అన్నాను.

పట్టుకున్నాడు. అందరూ లేచారు. మేమిద్దరం మాత్రం లేవలేదు, చెయ్యి వదలలేదు. మహలా వచ్చి ఇంటికి రమ్మని మమ్మల్నిద్దరినీ భుజాలు పట్టుకుని లేపింది.

తొమ్మిదో నెల 20, మొదటి దినం

నిన్న సాయంత్రం మందిరంలో ఉపన్యాసం జరిగింది. తాళం జెస్సీయే తీశాడు. నేను మొదటి వరసలో కూర్చున్నాను, మాట్లాడినాయన గొంతు మరీ పెద్దది.

మార్షల్‌నూ మిగతా ఇద్దరినీ పైకోర్టు వదిలేసింది. వాళ్లను పట్టుకున్నందుకు మా షెరీఫ్‌ను పది రోజులు జైల్లో పెట్టింది. విడుదలైన రోజున జిల్లా అంతా వెళ్లి ఆయనను బండి మీద ఊరేగించింది. వాషింగ్టన్‌కూ మా రాష్ట్రానికీ మధ్య కోపంతో ఉత్తరాలు నడుస్తున్నాయి, ఎవరూ తగ్గడం లేదు.

"ఇది తుపాకుల దాకా వెళ్తుంది బావా" అన్నాడు జెస్సీ.

"మనం తుపాకీ పట్టం."

"పట్టం. కానీ పక్కకు తప్పుకుని జీను సరిచేసుకుంటూ నిలబడంగా?"

అంటే ఆ రోజు నన్ను చూశాడన్నమాట.

ఇవాళ సభనుంచి వచ్చేసరికి కెనడానుంచి ఒక మూట. లోపల ఒక గడ్డి టోపీ, నాకు. చీటీలో ఇంత రాసి ఉంది: "ఇక్కడ నాకు సొంత దుకాణం ఉంది. తలుపు మీద నా పేరే ఉంది. నీ పాత కొలత గుర్తుంది, కానీ ఒక వేలెడు ఎక్కువ పెట్టి కుట్టాను. వదులైతే తిరిగి పంపు, మళ్లీ చిన్నది చేస్తాను. కెజియా."

మహలా అద్దం తెచ్చి పట్టుకుంది. టోపీ తలకు పెట్టుకున్నాను. సరిగ్గా సరిపోయింది.